కొండ మీద బొండుమల్లె

కొండ మీద మల్లె పూస్తుందా అని నన్ను అడిగేవాళ్ళు రెండు రకాలు. కింద కోయంబత్తూరులో ఉన్న మనవాళ్ళు నవ్వుతా అడుగుతారు. పిల్లల ఉద్యోగాల వెంట కూనూరు, కోతగిరి, ఊటీ పక్కకు వచ్చి చేరినవాళ్ళు మాత్రం నవ్వరు. వాళ్ళు కూడా వచ్చేటప్పుడు ఒక కుండీ ఒళ్ళో పెట్టుకొని వచ్చి ఉంటారు. అది ఏదో ఒక జనవరిలో నల్లబడి పోయి ఉంటుంది. నేను రాసేది ముఖ్యంగా ఆ రెండో రకం వాళ్ళ కోసం. మన మిల్లు కుటుంబాల్లో అట్లాంటివాళ్ళు ఇప్పుడు తక్కువేం లేరు.

పూస్తుంది. కానీ కింద లెక్కతో పెంచితే పూయదు, అసలు బతకదు కూడా.

నేను 31 ఏళ్ళు రింగ్ ఫ్రేము మీద పని చేసినవాణ్ణి. చదివింది అయిదో తరగతి. మా ఆవిడ అదే మిల్లులో వైండింగులో ఉండేది. మాకు పెళ్ళయి లైను ఇంట్లో కాపురం పెట్టినప్పుడు, 1986లో, మా అత్తగారు ఒక మల్లె అంటు తెచ్చి బట్టలుతికే బండ పక్కన నాటి పోయింది. బొండుమల్లె. తమిళులు గుండుమల్లి అంటారే, అదే. ఆ చెట్టుకు మేము విడిగా నీళ్ళు పోసింది లేదు. బండ మీద నీళ్ళు దానికి పోయేవి. ఎండాకాలం వస్తే సాయంత్రం షిఫ్టు విడిచే వేళకు ఆ లైనులో ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి కోసుకొనేవాళ్ళు. ఎవరి మూర వాళ్ళు కట్టుకొనేవాళ్ళు, ఇంకా చెట్టు మీద మిగిలేవి.

మిల్లు మూతబడింది. కొన్నేళ్ళకు లైను ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. మా అమ్మాయి ఊటీలో నర్సు, అల్లుడు బడి బస్సు నడుపుతాడు, చంటిబిడ్డ ఉంది, రమ్మన్నారు. ముప్పై ఏళ్ళ పైబడిన చెట్టును పెకలించి తీసుకుపోలేం గదా. వానలప్పుడు కింది కొమ్మలు రెండు వంచి మట్టిలో తొక్కి పెట్టాం. వేరు పట్టినాక ఆ రెండు అంట్లు బస్సులో మాతోపాటు కొండెక్కినాయి.

కొండ సంగతి ముందు తెలుసుకోవాలి. కోయంబత్తూరు సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తు. ఊటీ 2,240 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది అంటారు. ఆ లెక్కన మెట్టుపాళయం దాటి ఆ వంకరదారి ఎక్కి దిగేసరికి పన్నెండు డిగ్రీల దాకా పోయినట్టే. బొండుమల్లె వేడి నేల మొక్క. పది డిగ్రీల చుట్టుపక్కలకు దిగితే అది పెరగడం ఆపేసి ముడుచుకుంటుంది. సున్నాకు దిగి ఆకు మీద మంచు గడ్డకడితే ఆకు లోపలి నీరే గడ్డకడుతుంది. ఇక ఆ ఆకు లేదనుకోవాలి.

ఇక్కడివాళ్ళు ఆ మంచుగడ్డను ఉఱైపని అంటారు. తమిళంలో పని అంటే మంచు గదా. మా ఆవిడ మొదటి ఏడు "వీళ్ళకు పని కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానంట, మనకు ముప్పై ఏళ్ళు ఒకటే పని కాలం" అని నవ్వింది. మాటకేం గానీ, ఆ నాలుగు నెలలే మల్లెకు ప్రాణగండం. పగలు చూస్తే ఏం తెలియదు. జనవరిలో ఊటీ పగలు చక్కగా ఎండ కాస్తుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. దాన్ని నమ్మి చాలామంది కుండీని బయటే వదిలేస్తారు. మబ్బు లేని రాత్రి, గాలి కదలని రాత్రి, ఆ రాత్రే ముప్పు. మబ్బు ఉంటే అది దుప్పటి లాగా నేల వేడిని పోనివ్వదు. ఆకాశం నక్షత్రాలతో నిండా తేటగా ఉంటే పగలు తాగిన వేడంతా నేల పైకి వదిలేస్తుంది. పొద్దున లేచి చూస్తే బొటానికల్ గార్డెన్ పచ్చిక, తలైకుందా మైదానం సున్నం చల్లినట్టు ఉంటాయి. టూరిస్టులు ఫోటోలు తీసుకుంటారు. మొక్క పెట్టుకున్నవాడు మొక్క దగ్గరికి పరుగెత్తుతాడు.

రెండు అంట్లలో ఒకదాన్ని నేలలో, ఒకదాన్ని కుండీలో పెడదాం అనుకున్నాం. రెండూ ఒకచోటే పెడితే పోతే రెండూ పోతాయి. అల్లుడి ఇల్లు వాలు మీద ఉంది. పైన ఇల్లు, కింద రెండు మెట్ల పొలంలో క్యారెట్టు, బీన్సు. నేలలో పెట్టేది ఇంటి పక్క పై మెట్టు మీదే పెట్టాం. చల్లగాలి బరువు, అది నీళ్ళ మాదిరి కిందికి పారుతుంది. పల్లంలో, కంచెకు అడ్డం పడిన చోట నిలిచిపోతుంది. ఒకే తోటలో పై మెట్టు మీద మంచు లేకుండా కింది మెట్టు మీద తెల్లగా ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. మీ దొడ్డి కింద వైపు దట్టమైన కంచె ఉంటే మధ్యలో మూడడుగులు సందు తీసి పెట్టండి, చలి కిందికి పోనీ.

నవంబరులో ఆ నేల మొక్క మొదలు చుట్టూ జానెడు ఎత్తు మట్టి ఎగదోసి, ఎండాకు పరిచాం. తేయాకు తోటల్లో చిన్న రైతులు లేత మొక్కల మీద కొండ ఫెర్ను ఎండినది కప్పుతారు, అది చూసి నేర్చుకున్నదే. అయినా ఆ ఏడు జనవరిలో వరసగా మూడు రాత్రులు మంచు పడింది. మూడో రోజు పొద్దున ఆకులు ఉడకేసిన పాలకూర మాదిరి వేలాడినాయి. మధ్యాహ్నానికి నలుపు. కొమ్మలు కూడా కాఫీ రంగు.

పక్కింటాయన మంచివాడే, ముప్పై ఏళ్ళుగా పూలతోటల్లో పని చేసినవాడు. పీకేసి ఒక హైడ్రాంజియా పెట్టుకోండి, ఈ ఊరికి అదే సరి అన్నాడు. ఆయన అన్నది తప్పేం కాదు. హైడ్రాంజియా, ఫుక్సియా, కెమీలియా ఈ చలికి పుట్టిన బిడ్డల్లా పెరుగుతాయి. అదే వారంలో కింద నుంచి మా బావమరిది ఫోను చేశాడు. లైను ఇళ్ళ మీద జేసీబీ తిరిగింది, బండ దగ్గర చెట్టు కూడా పోయింది అని. మా ఆవిడ ఫోను పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ నల్లకట్టె దగ్గరికి పోయి కూర్చొని, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు అంది.

ముట్టుకోకపోవడమే సరైన వైద్యం. మంచుకు నల్లబడిన మొక్కను వెంటనే కత్తిరించకూడదు. చచ్చిన ఆకూ కొమ్మా కింద ఉన్న బతికిన కట్టెకు కప్పుగా ఉంటుంది. కోస్తే తరువాతి మంచు ఇంకా కిందికి దిగుతుంది. పదే పదే నీళ్ళు పోయకూడదు, ఎరువు వేయకూడదు. చలిలో వేరు తాగదు, పోసింది నిలిచి వేరు కుళ్ళుతుంది. ప్రాణం ఉందో లేదో చూడాలంటే గోటితో తొక్క కొంచెం గీకండి. పైన గీకితే గోధుమరంగు, ఎండిపోయినట్టు. కింద కింద గీకుతా రావాలి. మా మొక్కకు పైనంతా అట్లాగే ఉంది. ఎగదోసిన మట్టిని పక్కకు తీసి చూస్తే అక్కడ తొక్క కింద లేత పచ్చ కనిపించింది, రెండు వేళ్ళ మేర. మళ్ళీ మట్టి కప్పేశాం. ఏప్రిల్ రెండో వారంలో ఆ మట్టిలో నుంచి రెండు కళ్ళు లేచినాయి. మా ఆవిడ నాకు చెప్పలేదు, ముందు మనవరాలికి చూపించింది.

ఆ మొక్క ఈ రోజుకీ బతికే ఉంది. ప్రతి చలికాలం కొంత పోతుంది, ప్రతి వేసవి కొంత వస్తుంది. పూలు లెక్కపెట్టే అన్ని. పూలు కావాలంటే కుండీయే దారి, ఇంకో దారి నాకు కనబడలేదు.

కుండీ అంటే 14 అంగుళాల మట్టికుండీ. దాన్ని నేను నాలుగు చక్రాల పలక మీద పెట్టాను. మిల్లులో డాఫింగ్ తరువాత బాబిన్లు తోసుకుపోయే ట్రాలీ గుర్తుందా, అట్లాంటిదే చిన్నది. మోకాళ్ళు అరిగిన ఆడమనిషి కూడా తోయగలగాలి. కుండీని ఎత్తి మోయాల్సి వస్తే పది రోజులు మోస్తారు, పదకొండో రోజు ఈ రాత్రికి ఏం కాదులే అంటారు. మంచు ఆ రాత్రే పడుతుంది.

పెట్టే చోటు గోడకు దక్షిణం వైపు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి పోతాడు గదా, ఆ గోడకు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎండ తగులుతుంది. రాయి, ఇటుక పగలు తాగిన వేడిని రాత్రి నిదానంగా వదులుతాయి. మాది వంటింటి గోడ, దాని అవతల స్నానానికి నీళ్ళు కాచే కట్టెల బాయిలరు ఉంది. ఆ గోడ మీద చెయ్యి పెడితే రాత్రి తొమ్మిదికి కూడా వెచ్చగా ఉంటుంది. కార్నేషన్ షెడ్డు పాతది విప్పుతుంటే అల్లుడు కొంచెం పాలిథిన్ పట్టా తెచ్చి ఆ గోడకు ఏటవాలుగా చిన్న పంచ వేశాడు. ముందు తెర పగలు ఎత్తేస్తాం, సాయంత్రం నాలుగున్నరకు, ఎండ ఉండగానే, దించేస్తాం. చీకటిపడి దించితే లోపల ఉండేది చలే.

పాలిథిన్ ఒక్కటే ఉంటే చాలు అనుకోవద్దు. తేట రాత్రి వేడి దానిలో నుంచి కూడా పోతుంది. పైగా ఆకు దానికి తగిలిన చోట మాడుతుంది. లోపల నాలుగు వెదురు పుల్లలు నాటి, వాటి మీద రెండు మడతల గాడా గుడ్డ నేల దాకా దించండి. మన ఇళ్ళల్లో గాడా గుడ్డకు కొరతా? కొందరు మొక్కను చుట్టి మొదట్లో తాడుతో కట్టేస్తారు, తలకు గుడ్డ కట్టినట్టు. అట్లా కడితే నేల వేడి లోపలికి రాదు. వేడి వచ్చేది నేల నుంచే. కాబట్టి గుడ్డ గొడుగు మాదిరి విచ్చుకొని నేలకు ఆనాలి. పొద్దున ఎనిమిదిన్నరకు తీసేయాలి. కుండీ చుట్టూ మిల్లు వేస్టు దూది సంచిలో కూరి కట్టాను. నేలలో వేరుకు మట్టి దుప్పటి ఉంటుంది, కుండీలో వేరుకు నాలుగు పక్కలా చలే. ఆ దూది తడవకూడదు, తడిస్తే దుప్పటి కాస్తా చల్లగుడ్డ అవుతుంది. అందుకే ప్లాస్టిక్ సంచి.

ఏ రాత్రి కప్పాలి అనేదానికి మిల్లు చదువు పనికొచ్చింది. మా డిపార్టుమెంటు గోడకు జంట ధర్మామీటరు ఉండేది. ఒకటి పొడిది, ఇంకొకదాని బుడ్డికి తడిగుడ్డ. రెండింటి మధ్య తేడా పెరిగితే గాలి పొడిబారింది అని, ఇక దారం తెగుతా ఉంటుంది, మనం అతుకుతా ఉంటాం. పొడి గాలిలో రాత్రి చలి కూడా త్వరగా దిగుతుంది. నేను ఒక మామూలు ధర్మామీటరు బుడ్డికి తడి నూలు చుట్టి పంచ బయట వేలాడగట్టాను. సాయంత్రం ఆరింటికి అది 6 చూపించి, ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోయిందా, రెండు మడతలూ కప్పేస్తాను. 9 చూపించి మబ్బు ఉంటే ఒక మడత. మా ఇంటికాడ ఈ లెక్క నడుస్తా ఉంది. మీ ఇల్లు పల్లంలో ఉంటే మీ లెక్క వేరే ఉంటుంది, ఒక చలికాలం రాసి పెట్టుకోండి, తెలుస్తుంది.

అన్నట్టు, కోయంబత్తూరు మిల్లులు అంతగా పెరగడానికి ఒక కారణం ఈ కొండే. 1932లో పైకారా నీళ్ళ కరెంటు మొదలైంది, ఆ కరెంటుతోనే ఎన్నో మిల్లులు లేచినాయి. మనం కింద కూర్చొని తిప్పిన కదుర్లకు బలం ఈ చలిలో నుంచి వచ్చిందన్నమాట. ఆ మాట మా అల్లుడికి చెప్తే, అయితే మీ మల్లెకు ఆ బాకీ తీర్చమనండి అన్నాడు.

ఇప్పుడు కత్తెర సంగతి. కొండ మీద మల్లెలు పోయేది చాలావరకు దీనితోనే అని నా అభిప్రాయం. కింద సత్యమంగళం పక్క మల్లె రైతులు నవంబరు చివరి వారంలో మొక్కను నేలకు మూరెడు ఎత్తులో కోసేస్తారు. ఆకు దులిపి, ఎరువు వేసి, మళ్ళీ నీళ్ళు కడతారు. మార్చి నుంచి పూత. అది వాళ్ళకు సరి. మన అమ్మలు, అత్తలు కూడా అదే చెప్పారు. కొండ మీద నవంబరులో కోస్తే ఏమవుతుంది? లేత చిగురు సరిగ్గా డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది. ముదురు ఆకు ఒక రాత్రి ఓర్చుకుంటుంది, లేత చిగురు ఒక గంట కూడా ఓర్చుకోదు. కాబట్టి నవంబరులో కత్తెర దాచేయండి. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది అంటారు మనవాళ్ళు. కొండ మీద అది ఇంకో రెండు వారాలు వెనక్కి తిరిగి చూస్తా చూస్తా పోతుంది. ఆ రెండు వారాలు ఆగి అప్పుడు కోయాలి. అది కూడా సగానికి మించి వద్దు. మల్లె కొత్త చిగురు మీదే పూస్తుంది, కోయకపోతే పూత ఉండదు.

ఎరువు కూడా అట్లాగే. మార్చి చివర మొదలుపెట్టి పదిహేను రోజులకు ఒకసారి వేరుశనగ చెక్క నానబెట్టి, పలచగా చేసి పోస్తాను. సెప్టెంబరు దాటితే చెంచాడు కూడా లేదు. డిసెంబరులో ఆకు పసుపు పడుతుంది, అది ఆకలి కాదు, చలికి వేరు తీసుకోలేక పడే పసుపు. యూరియా వేసినవాళ్ళ కుండీలు నేను చూశాను. నీళ్ళు చలికాలంలో ఎనిమిది పది రోజులకు ఒకసారి, వేలు రెండు కణుపులు గుచ్చి చూసి, ఎండలో పెట్టిన నీళ్ళు, పొద్దున పదకొండు లోపల.

మట్టి కొండది ఎర్రగా అందంగా ఉంటుంది గానీ పులుపు మట్టి. తేయాకుకు ఆ పులుపే ఇష్టం, మల్లెకు కాదు. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు బాగా మాగిన పేడ ఎరువు, కుండీకి గుప్పెడు డోలమైటు. తేయాకు తోటలవాళ్ళు వాడేదే, ఎరువుల కొట్లో దొరుకుతుంది. పంచ లోపల గాలి ఆడకపోతే ఆకు వెనక ఎర్రనల్లి చేరుతుంది, నీళ్ళు గట్టిగా కొట్టి కడిగితే పోతుంది.

ఇంత చేస్తే ఎన్ని పూలు? అబద్ధం చెప్పను. ఏప్రిల్ చివర నుంచి జూన్‌లో వానలు దిగేదాకా మంచి రోజుల్లో ఇరవై, ముప్పై మొగ్గలు. తరువాత మబ్బు, తేమ, మొగ్గలు విచ్చకముందే ఎర్రబడి రాలతాయి. సెప్టెంబరులో మళ్ళీ కొన్ని. మొగ్గ కింద దానికంటే చిన్నది. కింద రాత్రి ఎనిమిదికి విచ్చే మొగ్గ ఇక్కడ తెల్లారాక విచ్చుతుంది. వాసన కూడా చలిలో గదంతా పాకదు, దగ్గరికి పోతే తెలుస్తుంది. డబ్బు లెక్క వేస్తే నష్టమే. బస్సులో వచ్చే పూలు కొనుక్కోవడమే చవక, పొంగలి ముందు ఆ రెండు మూడు వారాలు తప్ప. అప్పుడు కిందే చలికి పూత తగ్గి కిలో వేలల్లోకి పోతుంది.

పోయిన మే నెలలో మనవరాలికి పూలజడ వేయాలి అని మా ఆవిడ పట్టుబట్టింది. నాలుగు రోజులు మొగ్గలు కోసి తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో దాచింది. లెక్కపెడితే 112. జడకు ఏ మూలకీ చాలవు. మిగతావి మెట్టుపాళయం నుంచి తెప్పించాం. మా ఆవిడ కొన్నవాటిని జడ పొడుగునా కుట్టి, ఇంటివాటిని పైన, తల దగ్గర గుండ్రంగా కుట్టింది. ఏవి ఏవో ఎవరికీ తెలియలేదు, ఆమె చెప్పనూ లేదు.

కనకాంబరం పెంచవచ్చా అని కొందరు అడుగుతారు. అది మల్లెకంటే సుకుమారం, చలికాలమంతా ఇంట్లో వెలుతురున్న కిటికీ దగ్గరే ఉండాలి, తడి ఎక్కువైతే మెడ దగ్గర కుళ్ళుతుంది. జాజి కొంచెం మొండిది, కూనూరు, కోతగిరి వైపు గోడకు పాకిస్తే తట్టుకుంటుంది, కాకపోతే చోటు నిండా తింటుంది. చిన్న ఇల్లు అయితే నా మాట మల్లెకే.

ఒక్కటి మాత్రం చేయండి. ఉన్న మొక్క ఒక్కటే అయితే దాని మీదే ఆశ పెట్టుకోకండి. జూన్‌లో కింది కొమ్మ వంచి, కణుపు కింద చిన్న గాటు పెట్టి, మట్టిలో తొక్కి పైన ఇటుకరాయి పెట్టండి. కింద రెండు మూడు నెలలకు వేరు పడుతుంది, ఇక్కడ నాలుగు నెలలు ఆగాలి. ఈ ఏడు మేము మూడు తొక్కాం. ఒకటి కోతగిరిలో ఉన్న పాత లైను వాళ్ళ కోడలు తీసుకుపోయింది. ఒకటి సింగానల్లూరులో మా బావమరిది వాకిట్లో, బట్టలుతికే చోట నాటించాం, అది అప్పుడే చిగురు వేసిందని చెప్పాడు. మూడోదానికి ఇంకా వేరు చాల్లేదు, ఇటుక తీయలేదు.